స్కూల్ ముందు కారు ఆగింది, దాని పక్కనున్న బైకు ఆగలేదు: పిల్లలకి ఏం నేర్పాలి, బండి నడిపేవాళ్ళం ఏం చెయ్యాలి?

బడిదారి
అందరికీ నమస్కారం. మా పాప రెండో తరగతి. స్కూల్ గేటుకి కాస్త పక్కగా జీబ్రా గీతలున్నాయి, రోజూ అక్కడే దాటతాం. నిన్న సాయంత్రం పాప చెయ్యి పట్టుకుని నిలబడితే ఒక కారాయన మర్యాదగా ఆపి, వెళ్ళమని చేత్తో సైగ చేశారు. సరేనని కదిలాం. కారు ముందు నుంచి నడిచి ఇలా బయటికొచ్చామో లేదో, దాని అవతలి పక్క నుంచి బైకు దూసుకొచ్చింది. బ్రేకు చప్పుడు కూడా లేదు. పాప చెప్పుకీ ఆ టైరుకీ మధ్య జానెడు దూరం ఉందేమో. చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి వెనక్కి లాగగలిగాను.

రాత్రంతా ఆలోచించాను. కారాయన ఆగడం మంచిదే. పాప కూడా నేర్పినట్టే చేసింది, గీతల మీదే నడిచింది, పరిగెత్తలేదు. అన్నీ సరిగ్గా చేసినా ఇలా అయిందంటే మనం నేర్పేదాంట్లోనే ఏదో లోపం ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

రోడ్డుగీత
బడిదారి గారూ, పాప క్షేమంగా ఉన్నందుకు సంతోషం. నేను రోడ్ల డిజైన్ పనిలో ఉన్నాను. మీకు ఎదురైనది చాలా పాత సమస్య. ఒకే దిశలో రెండు లేన్లు ఉన్న ప్రతి రోడ్డు మీదా ఇది జరుగుతుంది. మొదటి లేన్‌లో ఆగిన బండి, దాటేవాళ్ళకీ రెండో లేన్‌లో వచ్చేవాళ్ళకీ మధ్య తెరలా అడ్డుపడుతుంది. బైకు నడిపేవారికి పాప కనపడదు, పాపకి బైకు కనపడదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేసరికి మధ్యలో రెండు మీటర్లు కూడా ఉండవు.

దీనికి నడిచేవాళ్ళ వైపు నుంచి ఒక పద్ధతి ఉంది. ఆగిన బండి ముందు నుంచి నడుస్తూ, దాని బయటి అంచు దగ్గర మళ్ళీ ఆగాలి. అక్కడ తల మాత్రమే ముందుకి పెట్టి పక్క లేన్ చూడాలి. ఖాళీ అయితేనే తర్వాతి అడుగు. రోడ్డు అంచున ఒకసారి చూశాం కదా అని ఏకధాటిగా నడవకూడదు. రెండు లేన్లు అంటే రెండు రోడ్లు దాటుతున్నట్టే లెక్క.

బండి వైపు నుంచి కూడా ఒకటుంది, అది ఇంకా ముఖ్యం. గీతలకి ఆనించి ఆపకండి, వెనకే ఆపండి. కారు గీతలకి ఒక మీటరు దూరంలో ఆగితే పక్క లేన్ పూర్తిగా మూసుకుపోతుంది. ఆరేడు మీటర్లు వెనక ఆగితే, దాటే మనిషికి ఆ ఖాళీలోంచి పక్క లేన్ కనిపిస్తుంది, పక్క లేన్‌లో వచ్చేవాళ్ళకి ఈ మనిషి కనిపిస్తాడు. అమెరికాలో ఎక్కువ లేన్లున్న రోడ్ల మీద బండ్లు ఆగాల్సిన గుర్తుల్ని క్రాసింగ్‌కి 6 నుంచి 15 మీటర్ల వెనక గీయమని అక్కడి నియమావళి చెబుతుంది. దాని వెనక కారణం ఇదే.

హ్యాండిల్‌బార్
బైకు నడిపేవాడిగా నా మాట కూడా వినండి. ముందు కారు ఎందుకు ఆగిందో మాకెలా తెలుస్తుంది? ఫోన్ వచ్చిందని ఆపుతారు, ఎవర్నో దించడానికి ఆపుతారు, యూటర్న్ కోసం ఆపుతారు. ఆగిన ప్రతి కారు వెనకా మేం ఆగితే రోడ్డు కదలదు. ఆ బైకాయన్ని సమర్థించడం లేదు, కానీ ప్రతిదానికీ బైకులనే అనడం కూడా సరికాదు.

వ్యాన్ అన్న
తమ్ముడూ, స్కూల్ వ్యాన్ నడుపుతాను, ఆ గేట్ల ముందే నా బతుకు. నువ్వన్నది మామూలు రోడ్డు మీద నిజమే. స్కూల్ దగ్గర, అందులోనూ గీతల దగ్గర కారు ఆగిందంటే దాని ముందు పిల్లలున్నారనే అనుకోవాలి. ఎందుకు ఆగిందో తెలియట్లేదంటే నీకు కనపడనిది ఏదో దాని ముందు ఉందన్నమాట. నీకూ ముందు ఏముందో కనపడేదాకా దాన్ని దాటకు. నిజంగా ఫోన్ కోసమే ఆగి ఉంటే నీకు పోయేది ఐదు సెకన్లు.

దూరదేశం
వ్యాన్ అన్న చెప్పింది కొన్నిచోట్ల చట్టంలోనే ఉంది. బ్రిటన్‌లో జీబ్రా గీతలకి రెండు వైపులా రోడ్డు మీద తెల్లటి వంకర గీతలు గీస్తారు. ఆ మేర బండి నిలపకూడదు, నడిచేవాళ్ళ కోసం ఆగిన బండిని పక్క నుంచి దాటెయ్యకూడదు. అసలు జీబ్రా గీతలు 1951లో అక్కడే చట్టంలోకి వచ్చాయి. గీతలు ఒక్కటే సరిపోవనీ, వాటి చుట్టూ కొంత మేర కూడా కాపాడాలనీ తర్వాత్తర్వాత తెలుసుకున్నారు.

చాక్‌పీస్
నేను టీచర్‌ని. సాయంత్రం గేటు డ్యూటీ ఎక్కువగా నాదే. పిల్లల గురించి ఒక విషయం పెద్దవాళ్ళకి గట్టిగా చెప్పాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలకి మనం "బండి దూరంగా ఉంటేనే దాటు" అని చెబుతాం. దూరం వాళ్ళకి కొంతవరకు తెలుస్తుంది. వేగం తెలియదు. అది వాళ్ళు వినకపోవడం కాదు, ఇంకా ఆ సామర్థ్యం రాలేదు.

ఎదురుగా వచ్చే బండి మన కంటికి క్రమంగా పెద్దదవుతూ కనిపిస్తుంది కదా, దాన్ని బట్టే పెద్దవాళ్ళం వేగం అంచనా వేస్తాం. లండన్ యూనివర్సిటీకి చెందిన రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైమరీ స్కూల్ పిల్లల మీద దీన్ని పరీక్షించారు. గంటకి 32 కిలోమీటర్ల వేగం దాటి వచ్చే బండి తమ వైపు వస్తోందన్న సంగతే పిల్లలు నమ్మకంగా గుర్తించలేకపోవచ్చని తేలింది. ఇంకోలా చెప్పాలంటే, బండి ఎంత వేగంగా వస్తే పిల్లలకి అది అంత ఆగి ఉన్నట్టు అనిపించే ప్రమాదం ఉంది. అందుకే బడిదారి గారూ, మీ పాపకి ఏం నేర్పాలన్న ప్రశ్న సరైనదే, కానీ నేర్పడానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు తర్వాతదంతా బండి నడిపేవాళ్ళ మీదే ఉంటుంది.

బడిదారి
టీచర్‌గారూ, ఇది నాకు తెలియదు. "కారు వస్తుంటే కనపడదా నీకు?" అని పాపని అడుగుతూనే ఉంటాను. కారు కనపడినా అది వస్తోందని తెలియకపోవచ్చన్నమాట.

అమ్మమ్మ నడక
నాయనా, అమ్మా, అందరికీ ఆశీస్సులు. మనవణ్ణి స్కూల్‌కి తీసుకెళ్లేది నేనే. వాడు పరుగు, నేను మెల్ల. మా రోడ్డు దగ్గర సిగ్నల్ ఉంది. పచ్చ మనిషి బొమ్మ వస్తుంది, సగం దాటానో లేదో మిణుకు మిణుకుమంటుంది. అప్పుడు వెనక్కి వెళ్ళాలా, ముందుకే పోవాలా? మనవడు ముందుకి లాగుతాడు, నాకేమో భయం.

రోడ్డుగీత
అమ్మా, సగం దాటాక మిణుకుమంటే ముందుకే వెళ్ళండి, ఆగకండి, పరిగెత్తకండి. "ఇప్పుడు కొత్తగా రోడ్డులోకి దిగకండి, దిగినవాళ్ళు పూర్తి చెయ్యండి" అని దాని అర్థం. మీరు అంచున ఉండగా మిణుకుమంటుంటే మాత్రం దిగకండి, తర్వాతి పచ్చ కోసం ఆగండి. ఇంకో చిన్న ఉపాయం, మీరు వచ్చేసరికే పచ్చ వెలిగి ఉంటే అది ఎంతసేపటి నుంచి ఉందో మీకు తెలియదు. ఎరుపు పడనిచ్చి, కొత్తగా పచ్చ పడ్డాక మొదటి క్షణంలోనే దిగితే మీకు పూర్తి సమయం దొరుకుతుంది.

సిగ్నల్ టైము లెక్క కట్టేటప్పుడు మనిషి సెకనుకి ఇన్ని మీటర్లు నడుస్తాడని ఒక అంకె పెట్టుకుంటారు. చాలాచోట్ల అది 1 నుంచి 1.2 మీటర్ల మధ్య ఉంటుంది. పెద్దవాళ్ళలో చాలామంది అంతకన్నా నెమ్మదిగా నడుస్తారు. స్కూల్ దగ్గర ఆ అంకె తగ్గించమని అడిగే హక్కు మీకుంది. అడిగితే మార్చగలిగేదే ఇది, కొత్తగా కట్టాల్సిందేమీ లేదు.

హ్యాండిల్‌బార్
వేగం సంగతి. స్కూల్ దగ్గర 30 అని బోర్డు పెడతారు. మంచి బ్రేకులున్న బండికి 30కీ 50కీ అంత తేడా ఏముంటుంది? నేను గట్టిగా పట్టుకుంటే 50లో కూడా ఆగుతుంది.

రోడ్డుగీత
హ్యాండిల్‌బార్ గారూ, లెక్క చూద్దాం. పిల్లవాడు కనపడ్డాక మెదడు గ్రహించి చెయ్యో కాలో బ్రేకు మీద పడేసరికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి వేగం ఏమీ తగ్గదు.

గంటకి 30 కి.మీ. అంటే సెకనుకి 8.3 మీటర్లు. ఆ సెకను, తర్వాత పొడి రోడ్డు మీద గట్టి బ్రేకు కలిపి బండి 13 మీటర్లకి కాస్త అటూఇటూగా ఆగుతుంది. 50 కి.మీ. అంటే సెకనుకి 13.9 మీటర్లు. అంటే 30లో వస్తున్న బండి పూర్తిగా ఆగిపోయిన చోటికి, 50లో వస్తున్న బండి ఇంకా బ్రేకే పట్టకుండా వచ్చేస్తుంది. అక్కడ పిల్లవాడు ఉంటే ఒక బండి తగలదు, రెండోది పూర్తి 50తో తగులుతుంది. అది ఆగడానికి మొత్తం 27, 28 మీటర్లు కావాలి.

తగిలే దెబ్బ కూడా వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 50లో ఉన్న శక్తి 30లో ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటుతుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు చేసిన ప్రకటనలో, నడిచేవాళ్ళూ బండ్లూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని రాసుకున్నారు.

టైము పోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. స్కూల్ ముందు 200 మీటర్ల మేర 30లో వెళ్తే 24 సెకన్లు, 50లో వెళ్తే 14 సెకన్ల పైచిలుకు. తేడా 10 సెకన్లు కూడా లేదు.

హ్యాండిల్‌బార్
30లో బండి ఆగిన చోటికి 50 బండి బ్రేకు పట్టకుండానే వస్తుందన్నది ఎప్పుడూ వినలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే బైకు వాళ్ళ కోసం నాదీ ఒక మాట. వాన పడినప్పుడు ఆ తెల్ల గీతల రంగు మీద టైరు జారుతుంది. గీతల మీదకి వచ్చాక గట్టిగా బ్రేకు పట్టితే పడిపోతాం, పడిన బండి పిల్లల మీదకే జారుతుంది. అందుకే తడిగా ఉన్న రోజు గీతలకి చాలా ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించెయ్యాలి.

వ్యాన్ అన్న
శభాష్ తమ్ముడూ. ఈ మాట ప్రతి బైకు కుర్రాడికీ చెప్పాలి.

చాక్‌పీస్
ఇంకో విషయం. కారాయన చేత్తో సైగ చేశారన్నారు కదా. దయచేసి ఎవరూ పిల్లలకి "దాటు" అని సైగ చెయ్యకండి. పెద్దమనిషి వెళ్ళమన్నాడంటే పిల్లలకి అది ఆజ్ఞ. ఇక రోడ్డు చూడరు, ఆ చేతినే చూస్తూ నడుస్తారు. ఆ చెయ్యి ఊపిన మనిషికి తన లేన్ ఒక్కటే తెలుసు, పక్క లేన్ ఖాళీగా ఉందో లేదో ఆయనకీ తెలియదు.

నాలుగు చక్రాలు
ఇది నాకు నచ్చలేదండి. ఆగి సైగ చెయ్యకపోతే పిల్లలు అలాగే నిలబడిపోతారు. నా వెనకున్నవాళ్ళు హారన్ మోగిస్తారు. మర్యాదగా దారిస్తే అది కూడా తప్పేనా?

వ్యాన్ అన్న
దారివ్వడం తప్పు కాదండి, తప్పకుండా ఇవ్వండి. పూర్తిగా ఆపండి, వెనక్కి ఆపండి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని వాళ్ళ వైపు చూడండి. బండి ముక్కు కిందికి వంగి పూర్తిగా నిలబడిందని పిల్లలకి తెలుస్తుంది. మెల్లగా పాకుతూ వచ్చే బండిని వాళ్ళు నమ్మలేరు, అందుకే నిలబడిపోతారు. దాటాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. అద్దంలో వెనక నుంచి ఎవరైనా పక్కకి తప్పించుకుని వస్తున్నారా చూస్తూ ఉండండి. వస్తుంటే అప్పుడు హారన్ కొట్టండి, చెయ్యి బయటపెట్టి ఆగమని చూపించండి. సైగ చెయ్యాల్సింది వెనకవాళ్ళకి, ముందున్న పిల్లలకి కాదు.

వెనకవాళ్ళ హారన్‌కి కంగారుపడకండి. వాళ్ళకి మీ బండి వెనక భాగమే కనిపిస్తోంది, పిల్లలు మీకొక్కరికే కనిపిస్తున్నారు.

తెల్లకర్ర
నేను చూపు లేని తండ్రిని. మా అబ్బాయి నాతో నడిచే స్కూల్‌కి వెళ్తాడు, రోడ్డు దగ్గర మేమిద్దరం ఒకరికొకరం తోడు. సైగలు నాకెలాగూ అందవు. కొందరు దయతో హారన్ కొడతారు, "వెళ్ళండి" అని వాళ్ళ ఉద్దేశం. నాకు హారన్ అంటే ప్రమాదం అనే అర్థం, అడుగు వెనక్కే పడుతుంది. కారు ఆగి, అలాగే ఆగి ఉంటే చాలు, ఇంజిన్ చప్పుడు బట్టి నాకు తెలిసిపోతుంది.

కరెంటు బండ్లు వచ్చాక ఇది కష్టమైంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వాటికి చప్పుడే ఉండదు. యూరప్‌లో 2019 జూలై నుంచి కొత్త మోడల్ ఎలక్ట్రిక్ కార్లు గంటకి 20 కి.మీ. లోపు వేగంలో చప్పుడు చేసి తీరాలన్న నిబంధన పెట్టారు. అది నాలాంటివాళ్ళకే కాదు, కళ్ళున్న పిల్లలకి కూడా అవసరం. పిల్లలు చూడ్డం మర్చిపోయినా విని ఆగుతారు. అందుకే దాటేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయమని పెద్ద క్లాసుల పిల్లలకి చెప్పండి.

చాక్‌పీస్
తెల్లకర్ర గారూ, మీరు చెప్పినది మా స్కూల్ అసెంబ్లీలో చెబుతాను.

చెవుల మాట వచ్చింది కాబట్టి, వాన రోజుల్లో టోపీ ఉన్న రెయిన్‌కోటు గురించి కూడా. టోపీ పక్కచూపుని కప్పేస్తుంది. పిల్ల తల తిప్పినా టోపీ తిరగదు, ఆ బట్టే కనిపిస్తుంది. రోడ్డు దగ్గర టోపీ వెనక్కి తీసి, రెండు వైపులా చూసి, దాటాక మళ్ళీ వేసుకోమనండి. జుట్టు తడిస్తే తుడుచుకోవచ్చు.

కొత్త అమ్మ
మా బాబు ఈ ఏడే ఒకటో తరగతిలో చేరాడు. "కుడి, ఎడమ, మళ్ళీ కుడి" అని పాటలా చెబుతాడు. చెబుతూనే చూడకుండా దాటేస్తాడు! తల మాత్రం గబగబా తిప్పుతాడు. ఏం చెయ్యాలో తెలియట్లేదు.

చాక్‌పీస్
కంగారుపడకండి, ఆ వయసు పిల్లలందరూ అంతే. తల తిప్పడం వాళ్ళకొక ఆటగా మారిపోతుంది. దాని బదులు ఏం కనపడిందో అడగండి. "కుడివైపు ఏముంది?" "ఎర్ర కారు." "వస్తోందా, ఆగి ఉందా?" "వస్తోంది." "మరి ఇప్పుడు వెళ్ళొచ్చా?" అలా అడిగితే నిజంగా చూడాల్సి వస్తుంది. కొన్నాళ్ళకి పాత్రలు మార్చండి. బాబే మిమ్మల్ని దాటించాలి, ఎప్పుడు వెళ్ళాలో వాడే చెప్పాలి. మీరు చెయ్యి వదలకండి, వాడి నిర్ణయం సరిగ్గా లేకపోతే అడుగు వెయ్యకుండా నిలబడి కారణం అడగండి.

ఇది బొమ్మల పుస్తకంతో రాదు, రోడ్డు పక్కనే నేర్పాలి. స్కాట్లండ్‌లో మొదలైన కెర్బ్‌క్రాఫ్ట్ అనే శిక్షణలో ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్ని చిన్న జట్లుగా అసలు రోడ్ల దగ్గరికే తీసుకెళ్ళి మూడు సంగతులు నేర్పుతారు. దాటడానికి మంచి చోటు ఎంచుకోవడం, ఆగి ఉన్న బండ్ల దగ్గర ఎలా దాటాలో, కూడళ్ల దగ్గర ఎలా దాటాలో.

దూరదేశం
"కుడి, ఎడమ, మళ్ళీ కుడి" అన్నది బండ్లు ఎడమవైపు నడిచే దేశాలకి. కుడివైపు నడిచే దేశాల్లో ముందు ఎడమకి చూడాలి. మా పిల్లలు ఇక్కడ అమెరికాలో పుట్టి పెరిగారు, సెలవులకి అటు వచ్చినప్పుడు వాళ్ళ తల ముందు తప్పు వైపే తిరుగుతుంది. అందుకని మేం కుడి ఎడమల మాటే మానేశాం. "బండ్లు ఎటు నుంచి వస్తున్నాయి? ముందు అటే చూడు, తర్వాత అవతలి వైపు, దిగే ముందు మళ్ళీ మొదటి వైపు" అని నేర్పాం. ఎక్కడికెళ్ళినా పనికొస్తోంది.

ఇక్కడ అమెరికాలో స్కూల్ బస్సు ఆగి ఎర్ర లైట్లు మిణుకుమంటూ, పక్కనుంచి స్టాప్ పలక తెరుచుకుంటే రెండు వైపుల బండ్లూ ఆగిపోవాలి. మధ్యలో డివైడర్ ఉంటే చాలా రాష్ట్రాల్లో ఎదురువైపు వాళ్ళకి మినహాయింపు ఉంటుంది. బస్సు దిగిన పిల్ల దాని ముందు నుంచి రోడ్డు దాటుతుందని ముందే ఊహించి పెట్టిన నియమం ఇది.

వ్యాన్ అన్న
అదే అసలు భయం. దిగిన పిల్లలు నా వ్యాన్ ముందు నుంచో వెనక నుంచో ఉరుకుతారు. నా వైపు నుంచి చెబుతాను. పిల్లల్ని స్కూల్ ఉన్న వైపే, ఇల్లు ఉన్న వైపే దించాలి, ఒక చుట్టు ఎక్కువ తిరగాల్సి వచ్చినా సరే. అవతలి వైపు దించక తప్పకపోతే ఆయా దిగి దాటించాలి, లేదా వ్యాన్ వెళ్ళిపోయి రోడ్డు రెండు వైపులా తేటగా కనపడేదాకా పిల్లలు అంచునే నిలబడాలి. గేటు ముందు వెనక్కి తీయడం అసలు వద్దు. వ్యాన్ వెనక మీటరు ఎత్తు పిల్లాడు అద్దాల్లో కనపడడు.

తల్లిదండ్రులకి చేతులెత్తి దణ్ణం పెట్టి ఒకటి అడుగుతాను. రోడ్డుకి అవతల బండి మీద కూర్చుని పిల్లల్ని పేరు పెట్టి పిలవకండి. స్కూల్ వదలగానే అమ్మ కనపడితే, నాన్న గొంతు వినపడితే పిల్లకి మధ్యలో రోడ్డు ఉందన్న సంగతే గుర్తుండదు. దిగండి, మీరే దాటి గేటు దగ్గరికి రండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి.

చాక్‌పీస్
వ్యాన్ అన్నా, నేను గేటు దగ్గర ఎక్కువగా భయపడేది ఆ పిలుపుకే. ఉదయం పిల్లలు నిద్రమొహాలతో వస్తారు, ఒక్కొక్కరుగా వస్తారు. సాయంత్రం గంట కొట్టగానే వందల మంది ఒకేసారి, ఆటల్లో మాటల్లో ఉంటారు. అవతలి నుంచి పిలుపు వినపడిందంటే నేను చెయ్యి చాచేలోపే పిల్ల వెళ్ళిపోతుంది.

నాలుగు చక్రాలు
నా ప్రశ్నకి జవాబు దొరికింది, వ్యాన్ అన్నకి థాంక్స్. కారువాళ్ళ వైపు నుంచి నేనొకటి కలుపుతాను. ముందు అద్దానికి పక్కన పైకప్పుని మోసే స్తంభం ఉంటుంది కదా, మలుపు తిరిగేటప్పుడు దాని వెనక మనిషి మొత్తం దాక్కుంటాడు. నడిచే మనిషీ, తిరిగే కారూ ఒకే తీరున కదిలితే ఆ మనిషి స్తంభం వెనకే ఉండిపోతాడు. స్కూల్ వీధిలోకి తిరిగేటప్పుడు కుర్చీలో కొద్దిగా ముందుకీ పక్కకీ వంగి ఆ స్తంభం అవతల చూడాలి.

బడిదారి
ఎన్ని సంగతులు! వచ్చే వారం స్కూల్‌లో పేరెంట్స్ మీటింగ్ ఉంది. అక్కడ ఏం అడగాలి? స్పీడ్ బ్రేకర్ వేయించమని కొందరు, గీతలకి కొత్త రంగు వేయించమని కొందరు అంటున్నారు.

దూరదేశం
దాటించే మనిషిని పెట్టమని అడగండి. బ్రిటన్‌లో 1953లో దీనికోసమే ఒక చట్టం చేశారు. పొడుగు కర్రకి గుండ్రటి స్టాప్ పలక పట్టుకుని ఒక మనిషి రోడ్డులోకి దిగితే బండ్లన్నీ ఆగి తీరాలి, ఆ మనిషి పక్కకి వెళ్ళేదాకా కదలకూడదు. జపాన్‌లో పిల్లలు చెయ్యి పైకెత్తి దాటతారు, ఒకటో తరగతి పిల్లలకి చాలాచోట్ల పసుపు టోపీలు ఇస్తారు. చిన్న పిల్లాడి చెయ్యి పైకెత్తితే బండి బానెట్ మీదుగా కనిపిస్తుంది.

రోడ్డుగీత
మనిషిని పెట్టడం మంచిదే, కానీ ఆ మనిషి రాని రోజు గురించి కూడా ఆలోచించాలి. రోడ్డే పిల్లల్ని కాపాడేలా ఉండాలి. నాకు తెలిసినంతలో చెబుతాను.

రెండు లేన్ల రోడ్డు 7 మీటర్లు అనుకుందాం. పిల్ల సెకనుకి ఒక మీటరు నడిస్తే దాటడానికి 7 సెకన్లు. ఆ 7 సెకన్లలో 50లో వచ్చే బండి దాదాపు 97 మీటర్లు వస్తుంది. అంటే పిల్లకి వంద మీటర్ల ఖాళీ కనపడాలి. నాలుగు లేన్లయితే 14 సెకన్లు, దాదాపు 200 మీటర్ల ఖాళీ కావాలి. అంత దూరం చూసి అంచనా వెయ్యడం పిల్లల వల్ల కాదని టీచర్‌గారు చెప్పారు కదా. మధ్యలో నిలబడే దిమ్మె కడితే ఒక్కోసారి సగం రోడ్డే, ఒకే వైపు నుంచి వచ్చే బండ్లే చూసుకోవాలి. క్రాసింగ్‌నే ఫుట్‌పాత్ ఎత్తుకి దగ్గరగా లేపి కడితే స్పీడ్ బ్రేకర్ పని కూడా అదే చేస్తుంది, పిల్ల కూడా కొంచెం ఎత్తులో నిలబడి బాగా కనిపిస్తుంది.

అయితే వీటన్నిటికన్నా ముందు మీరు ఒక పని చెయ్యండి. స్కూల్ వదిలే వేళ గీతల దగ్గర, ఫోన్‌ని నేలకి ఒక మీటరు ఎత్తులో పట్టుకుని బండ్లు వచ్చే వైపు ఫోటో తియ్యండి. మీ పాప కళ్ళు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. పాపకి ఏం కనపడుతోందో మీటింగ్‌లో అందరికీ చూపించండి.

చాక్‌పీస్
ఇంకో దారి కూడా ఉంది. ఇటలీలో బోల్జానో అనే ఊళ్ళో 1980ల చివర్లోనే, స్కూల్ మొదలయ్యే వేళా వదిలే వేళా ఆ వీధిలోకి బండ్లు రాకుండా కాసేపు మూసెయ్యడం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో దేశాల్లో పాటిస్తున్నారు. రోజంతా మూయక్కర్లేదు. గంట కొట్టే ముందు కొంతసేపు, తర్వాత కొంతసేపు చాలు.

హ్యాండిల్‌బార్
అది మెయిన్ రోడ్డు అయితే కుదరదు టీచర్‌గారూ. అంబులెన్సులూ బస్సులూ ఎటు పోతాయి?

చాక్‌పీస్
నిజమే, మెయిన్ రోడ్డు మీద కుదరదు. పక్క సందులో గేటు ఉన్న స్కూళ్ళకే అది. మెయిన్ రోడ్డు వైపు గేటు ఉంటే, వెనక సందు వైపు ఇంకో గేటు తెరిచి చిన్న పిల్లల్ని అటు నుంచి పంపొచ్చు. క్లాసుల వారీగా ఐదేసి నిమిషాల తేడాతో వదిలినా గుంపు పల్చబడుతుంది. ఇది స్కూల్ చేతిలో ఉన్న పనే, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అమ్మమ్మ నడక
ఇవాళ సిగ్నల్ దగ్గర ఎరుపు పడనిచ్చి, కొత్త పచ్చ పడగానే దిగాం బాబూ. మిణుకుమనక ముందే అవతలికి చేరాం. మనవడు ఎందుకు ఆగామని అడిగితే వివరంగా చెప్పాను.

బడిదారి
రోడ్డుగీత గారూ, మీరు చెప్పినట్టే ఫోటో తీశాను. నా ఎత్తు నుంచి చూస్తే రోడ్డు చివరి మలుపు దాకా కనిపిస్తోంది. మీటరు ఎత్తు నుంచి తీసిన ఫోటోలో గీతలకి ఆనించి నిలిపిన ఒక పెద్ద కారు బానెట్, దాని వెనక ఇంకో బండి టైరు, అంతే. వచ్చే బండ్లు ఒక్కటీ లేవు. అవి మన పేరెంట్స్ బండ్లే.

రోడ్డుగీత
అయితే మీటింగ్‌లో మొదటి మాట అదే. బండ్లు వచ్చే వైపు, గీతలకి ముందు కనీసం నాలుగైదు కార్లు పట్టేంత మేర ఎవరూ నిలపకుండా చూడండి. అవతలి సగానికి ఎదురువైపు కూడా అంతే. ఉత్త ఖాళీ ఉంచితే మళ్ళీ ఎవరో ఒకరు ఆపేస్తారు, అక్కడ బండి ఎక్కలేనట్టు కట్టడాలు పెట్టించండి, లేదా ఫుట్‌పాత్‌నే అక్కడ ముందుకి పెంచమని అడగండి. దింపే చోటు గేటుకి దూరంగా, స్కూల్ ఉన్న వైపే పెట్టించండి. గీతల రంగు, దిమ్మె, ఎత్తు క్రాసింగ్ తర్వాత వరసగా అడగొచ్చు. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన ప్రింట్ తీసి తీసుకెళ్ళండి.

వ్యాన్ అన్న
మా వ్యాన్ల వాళ్ళతో నేను మాట్లాడతాను. గీతల దగ్గర మేం నిలపం. గేటుకి యాభై అడుగుల అవతల మాకు చోటు చూపించమని మాత్రం స్కూల్‌వాళ్ళని అడగండి.